లింగవంతులకు సూతకము కలదా?



లింగవంతుల గృహములలో అప్పుడప్పుడు ఒక దృశ్యము కంటబడుచుండును. పూజగదిలో గోడకు కొట్టిన చిలుకకొయ్యకు ఒక లింగకాయ దారముతో సహా వ్రేలాడుచుండును. భిక్షకు వచ్చిన జంగమయ్య దానిని చూచి "ఇది ఎవరిది తల్లీ?" అని అడుగును. ఇంటి పెద్దమ్మ గొంతు తగ్గించి "మా కోడలిది స్వామీ, బయట చేరినది" అని బదులు చెప్పును. జంగమయ్య మరి మాటాడడు. విభూతి ఇచ్చి, ఇంటిల్లిపాదిని దీవించి వెడలిపోవును. కోడలు మాత్రము వెనుక వసారాలో చాపమీద కూర్చుండి స్నానపు దినము కొఱకు ఎదురుచూచుచుండును.

మరియొక యింట శిశువు జన్మించును. పురుడు వచ్చినదని పదిదినములు లింగార్చన నిలిచిపోవును. వేరొక యింట దాయాది యొకడు లింగైక్యుడు కాగా, విభూతి పెట్టె మూత పదిదినములు తెరువబడదు. ఆ పెట్టెనుండి తీసిన విభూతితోనే ఆ లింగైక్యుని నుదుట త్రిపుండ్రము దిద్దిన సంగతి ఎవరికిని తట్టదు.

ఈ పనులు చేయువారు భక్తిహీనులు కారు. తెల్లవారుజామున లేచి లింగమును కరస్థలమున నిలుపుకొని, పాదోదకము గ్రహింపనిదే పచ్చిగంగ ముట్టనివారే ఇట్లు చేయుచున్నారు. శివునకు అపచారము కలుగునేమోనన్న భయమే వారిచేత ఇట్లు చేయించుచున్నది. అయితే ఆ భయము ఎచ్చటి నుండి వచ్చినది? బసవేశ్వరుని యింటినుండి వచ్చినదా, పొరుగింటినుండి వచ్చినదా? ఇది విచారింపదగిన విషయము.

హైందవ ధర్మశాస్త్రములలో ఆశౌచ ప్రకరణము మిక్కిలి విస్తారమైనది. జననమువలన కలుగునది జాతాశౌచము, మరణమువలన కలుగునది మృతాశౌచము. తెలుగునాట మొదటిదానిని పురుడనియు, రెండవదానిని మైల యనియు అందురు. స్త్రీలకు నెలనెలా కలుగు దానిని ముట్టు, అంటు, దూరము అని పలు పేర్లతో పిలుతురు. ఆశౌచకాలమున దేవతార్చన లేదు, ఆలయ ప్రవేశము లేదు, శుభకార్యము లేదు. గడువు తీరిన పిమ్మట స్నానము, పుణ్యాహవాచనము జరిగి ఇల్లు శుద్ధియగును. సపిండులకు ఎన్ని దినములు, దూరపు జ్ఞాతులకు ఎన్ని దినములు, వార్త ఆలస్యముగా వినినవానికి ఎంత, అత్తవారింట ఉన్న ఆడుపడుచునకు ఎంత అను లెక్కలతో స్మృతులును నిబంధన గ్రంథములును నిండియున్నవి.

ఈ వ్యవస్థను ఊరక పరిహసించుట తగదు. అందొక పొందిక గలదు. దైవము గర్భాలయమున ఉన్నది, మానవుడు వెలుపల ఉన్నాడు, నడుమ గడప ఉన్నది. ఆ గడప దాటవలెనన్న శుచియై దాటవలెను. జననమరణములు రెండును దేహపు పనులు గనుక అవి జరిగిన యింటివారు కొన్నాళ్లు గడపకు ఈవల నిలువవలెను. ఆలయమునే ఆధారముగా గొన్న మతమునకు ఈ యూహ సహజమే. బాలింతకు పదిదినములు పనిపాటలు లేకుండుటయు, పసిబిడ్డను పదిమంది ఎత్తుకొనకుండుటయు మేలే చేసినవి. చావు జరిగిన యింటిని ఊరు కొన్నాళ్లు కదలింపకుండుట వలన ఏడ్చుటకైనను తీరిక దొరకినది.

హిందూమతమంతయు ఈ విషయమున ఒకే త్రోవను నడచినదనుటకును వీలులేదు. అస్సాం రాష్ట్రమున గౌహతి చెంతనున్న కామాఖ్య క్షేత్రమున ఏటేట ఆషాఢ సమయమున అంబువాచి జరుగును. అమ్మవారు రజస్వలయైనదని మూడు దినములు ఆలయ ద్వారములు మూయుదురు. పిదప తెరచి ఎఱ్ఱని వస్త్రపు పీలికను ప్రసాదముగా పంచగా, భక్తులు దానిని రక్షగా ధరింతురు. ఒడిశాలో రజపర్వమను పండుగ దినములలో భూదేవి రజస్వలయని నాగలి కట్టరు, నేల త్రవ్వరు; కన్నెపిల్లలు క్రొత్త బట్టలు కట్టి ఉయ్యాలలూగుదురు. ఒకచోట వెలివేయబడినదే వేరొకచోట పండుగయైనది. కావున ముట్టు దోషమన్నది హిందూమతమునందు సైతము సర్వసమ్మతమైన సత్యము కాదు, ఒక సంప్రదాయము మాత్రమే.

ఇచ్చట గమనింపవలసినది మరియొకటి కలదు. మనుస్మృతి ఐదవ అధ్యాయము ప్రకారము ఆశౌచము బ్రాహ్మణునకు 10 దినములు, క్షత్రియునకు 12, వైశ్యునకు 15, శూద్రునకు ఒక మాసము. చావు అందరికిని ఒక్కటే, ఏడుపును ఒక్కటే. మైల మాత్రము మెట్లు దిగినకొలది పెరిగినది! కులము తక్కువయైనచో అంటు ఎక్కువ యని దీని యర్థము. జననమరణముల సూతకమును కులభేదమును ఒకే త్రాటికి పేనబడిన రెండు పురులు. ఒక పురిని పట్టుకొని రెండవది వదలితిమనుకొనుట భ్రమ. ఈ సంగతిని కల్యాణపురపు శరణులు చక్కగా గుర్తించిరి. కావుననే వారు సూతకములను ఒక్కొక్కటిగా గాక ఐదింటిని ఒక్కసారిగా త్రోసివేసిరి. జనన సూతకము, ప్రేత సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము, జాతి సూతకము అనునవి ఆ యైదు. లింగధారికి ఈ యైదును లేవని వీరశైవ నిర్ణయము.

ఎందుకు లేవు? ఈ ప్రశ్నకు సమాధానము ఆచారములో గాక తత్త్వములోనే ఉన్నది.

గురువు శిష్యుని మస్తకముపై హస్తముంచి చేయు దీక్షలో వేధ, మంత్ర, క్రియారూపములగు మూడు భేదములు కలవు. వానిచే ఆణవ, మాయీయ, కార్మిక మలములు మూడును తొలగునని సిద్ధాంతము. పిదప ఇష్టలింగము దేహమున నెలకొనును. నాటినుండి ఆ దేహమే ఆలయము. ఇక ఈవలయు ఆవలయు లేవు. గడప యన్నదే లేనప్పుడు గడపకు ఈవల నిలుచుట యెట్లు? మూడు మలములను పెకలించిన గురుహస్తమునకు లొంగని నాలుగవ మలము నెలనెలా ఎచ్చటినుండి వచ్చుచున్నది? అట్టిది నిజముగా ఉన్నచో గురువిచ్చిన దీక్ష అబద్ధమగును. దీక్ష నిజమైనచో ఆ మలము అబద్ధము కావలెను. ఈ రెండింటికి నడుమ దారి లేదు. లింగమును విప్పి కొయ్యకు తగిలించిన చేయి, తెలియకయే గురుదీక్షను అబద్ధమనుచున్నది.

లింగము దేహమును ఎడబాసిన ప్రాణము విడుచుటయే మేలని తలంచినవారు పూర్వపు శరణులు. నేడు అంతటి కాఠిన్యమును ఎవరును కోరరు, కోరవలదు కూడ. కాని నెలకు మూడు దినముల చొప్పున ఏటికి ముప్పదియాఱు దినములు లింగమునకు దూరమై, అది తప్పు కాకపోగా నియమమే యనుకొనుట ఎంతటి మార్పు! అనుభవ మంటపమున అక్కమహాదేవి మొదలుకొని ఆయ్దక్కి లక్కమ్మ, సత్యక్క వరకు ముప్పది మందికి పైగా స్త్రీలు వచనములు పలికిరి. వారు నెలనెలా లింగమును విడిచి మూల కూర్చుండినవారైనచో ప్రాణలింగిస్థలమను మాటకు అర్థమేమి? షట్స్థలములలో పురుషునకొక మెట్టు, స్త్రీకొక మెట్టు అని ఎచ్చటను విభజన లేదు.

ఇది కేవలము బసవాది శరణుల మాట, పీఠసంప్రదాయమునకు సమ్మతము కాదు అని కొందరనవచ్చును. అట్లనువారు సిద్ధాంతశిఖామణిని తెరచి చూడవలెను. పంచపీఠముల వారు ప్రమాణముగా గైకొను ఆ సంస్కృత గ్రంథమున శివయోగి శివాచార్యులు ఈ విషయమును స్పష్టముగ తేల్చిరి. లింగార్చనయందు నిష్ఠగల స్త్రీకి ఋతుకాలమున గాని, ప్రసవకాలమున గాని సూతకము లేదని, అట్టి స్త్రీ ప్రసవించిన గృహమునకును లేదని అందు చెప్పబడినది. ఆ గ్రంథము ఏ రేణుకాచార్యుల ఉపదేశముగా నడచుచున్నదో ఆ రేణుకులు సోమేశ్వర లింగమునుండి ఉద్భవించిన కొల్లిపాక వేఱెచ్చటనో లేదు. తెలంగాణమున యాదాద్రి భువనగిరి జిల్లాలోని నేటి కొలనుపాకయే. విరక్తమఠములకును గురుపీఠములకును భేదములు ఎన్ని యున్నను ఈ యొక్క విషయమున రెండును ఏకకంఠముగా పలికినవి. పలుకనిది గృహములోని చిలుకకొయ్య మాత్రమే.

ఉచ్ఛిష్ట సూతకమును గూర్చి ఎంత చెప్పినను కన్నప్ప కథకు సాటిరాదు. పాల్కురికి సోమనాథుడు దీనిని బసవపురాణమున చేర్చెను. తరువాత ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమున పెంచి చెప్పెను. అఱవనాట శేక్కిళారు పెరియపురాణమునను ఇది కలదు. కాళహస్తి యడవిలో తిన్నడను బోయవాడు శివలింగమును చూచెను. ఏకాంతముగా ఉన్న స్వామికి ఆకలియగునని అతని బెంగ. ఒక చేత విల్లు, ఒక చేత మాంసపు దొప్ప, కొప్పున పూలు. నీటికి వేఱు పాత్రయెక్కడిది? నోటితోనే పుక్కిటబట్టి తెచ్చెను. మాంసపు ముక్కలను కొఱికి రుచి చూచి, మంచివానినే స్వామికి పెట్టెను. తెల్లవారి వచ్చిన అర్చకుడు శివగోచరి ఎముకలను, ఎంగిలిని చూచి గుండెలు బాదుకొని, కడిగి, శుద్ధిచేసి, మంత్రోక్తముగా పూజించి పోవును. సాయంకాలమునకు మరల ఎంగిలి. ప్రొద్దుటికి మరల శుద్ధి.

ఇందు అర్చకుని తప్పుపట్టుటకు లేదు. అతడు నేర్చినది అతడు చేసెను. శివుడును అతనిని దండింపలేదు. చెట్టుచాటున దాగి చూడుమని మాత్రము చెప్పెను. లింగము కంట నెత్తురు కాఱినప్పుడు తిన్నడు తన కన్ను పెకలించి అతికెను. రెండవ కంట నెత్తురు రాగా, తన రెండవ కన్ను తీసిన పిమ్మట చోటు తెలియదని గుర్తుకొఱకు పాదమును లింగముపై మోపెను. ఎంగిలి కంటె పెద్ద అపచారము గదా చెప్పుకాలు! ఆ కాలునే శివుడు గుర్తుగా స్వీకరించెను. ఈ కథను మఠములలో విని కన్నీరు నించినవారే, ఇంటికి వచ్చి "ఆ గిన్నె ముట్టకు, అంటగును" అని కోడలిని కసరుట విడ్డూరము.

పురిటి సంగతికి వచ్చినచో బసవపురాణమందలి బెజ్జమహాదేవి కథ యొక్కటి చాలును. లోకమున అందరికిని తల్లులు కలరు, శివునకు మాత్రము లేదని ఆ యిల్లాలు వగచెను. తల్లియుండినచో చిన్ననాడే విషము త్రాగనిచ్చెడిదా, జడలు కట్టనిచ్చెడిదా, వల్లకాటిలో తిరుగనిచ్చెడిదా అని ఆమె తలపోత. తానే తల్లియై శివుని శిశువును చేసి, నలుగుపెట్టి నీళ్లుపోసి, కాటుక దిద్ది, పాలిచ్చి, జోలపాడెను. బిడ్డ పాలు ముట్టనినాడు ప్రాణములు విడువబూనగా శివుడు ప్రత్యక్షమయ్యెను. సాక్షాత్తు శివుడే పసిబిడ్డయై ఒక స్త్రీ ఒడిలో నుండుటకు ఇచ్చగించినాడని సోమనాథుడు పాడియుండగా, ఆయన వ్రాసిన తెలుగు చదువువారి యిండ్లలో బాలింత యొడి అంటు ఎట్లయ్యెను?

ప్రేత సూతకము విషయమున అధిక చర్చ అనవసరము. లింగవంతుడు ప్రేతము కాడు. కూర్చుండిన భంగిమలో, ఇష్టలింగముతో, విభూతి బిల్వములతో నిక్షేపము పొందును. లింగమున లీనమైనవానికి ప్రేతత్వము లేదు, ప్రేతత్వము లేనిచోట మైల లేదు. దుఃఖము మాత్రము ఉండును. దానిని మైల యని పిలువవలసిన పనిలేదు.

జాతి సూతకమునకు కల్యాణపురమే సాక్షి. మాదిగ వృత్తినుండి వచ్చిన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసు కుమార్తెను ఇచ్చి పెండ్లి చేసిరి. ఇరువురు తండ్రులును లింగధారులే కావున శరణుల దృష్టిలో అది భక్తునకు భక్తునితో వియ్యము. రాజు బిజ్జలుని కొలువునకు అది వర్ణసంకరము. తండ్రులిద్దరును ఘోరమైన శిక్షకు గుఱియైరి. 1167 ప్రాంతమున కల్యాణము అట్టుడికినట్లుడికి, బసవేశ్వరుడు కూడలసంగమము చేరెను, చెన్నబసవేశ్వరుడు మొదలగు శరణులు ఉళవి దిక్కునకు సాగిరి. సూతకము లేదన్న మాటకు చెల్లించిన వెల అది. అదే కల్యాణమున మడివాళ మాచయ్య బట్టలుతికెను. పురిటిగుడ్డలును మైలగుడ్డలును మోయును గనుక లోకము ఏ వృత్తిని తక్కువ చేసినదో, ఆ వృత్తివానికి శరణులు అగ్రపీఠమిచ్చిరి. మైల గుడ్డలోనే లేదని తెలిసినప్పుడు మోయువానికి ఎచ్చటి మైల?

ఇంత స్పష్టమైన మాట మరుగుపడుట యెట్లు జరిగినది? తెలుగునాట మొదటినుండియు ఒక చిక్కు కలదు. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని భక్తికి మనసారా మ్రొక్కియు బ్రాహ్మణ్యమును విడువలేనని చెప్పినట్లు సంప్రదాయము. ఆరాధ్యుల మార్గమున వైదికాచారమును శివభక్తియు కలిసి నడచినవి. ఆ పండితుని మహత్త్వమునకు కొఱత లేదు. ఆయన విడువలేనన్నది విడువలేనని దాపరికము లేక చెప్పుటయే ఆయన నిజాయితీ. కాని విడిచితిమని చెప్పుకొనుచు విడువకుండుట వేఱు సంగతి.

తరువాత ఊళ్లలో ఇరుగుపొరుగుల ప్రభావము వచ్చినది. ఎవరి యింట మడి యెక్కువయో వారే అధికులని ఊరు గౌరవించుచుండగా, లింగవంతులును గౌరవము కొఱకు మడి నేర్చిరి. పిల్లనిచ్చిన చోట, తెచ్చుకొన్న చోట "వీరికి పట్టింపులు లేవు" అను మాట పడవలసివచ్చునని వెఱచిరి. తమ శాస్త్రము వద్దన్న లెక్కను పంచాంగమున వెదకి "మనకు ఎన్ని దినములు?" అని పురోహితుని అడుగుట మొదలుపెట్టిరి. ఆయనయు అడిగినవానికి చెప్పెను, ఆయన దోషమేమున్నది? పట్టణములలో గదులు ఇఱుకై, ఉద్యోగములకు పోవు స్త్రీలు పెరిగి ఆచారము కొంత సడలినది. అయితే అది వీలులేక సడలినదే గాని తెలిసి విడిచినది కాదు. వంటకు అడ్డులేదు, కార్యాలయమునకు అడ్డులేదు, లింగమునకు మాత్రమే అడ్డు! ఇది మఱింత విపరీతము.

2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము లింగాయతమును ప్రత్యేక మతముగ గుర్తింపుమని కేంద్రమునకు సిఫారసు చేసినప్పుడు, హిందూమతమున భాగమా కాదా అని ఇంటింట వాదము చెలరేగినది. ఆ వాదము ఎట్లు తేలినను కొయ్యకు తగిలించిన లింగము తనంత తాను మెడకు రాదు.

విశ్రాంతి వలదా యని కొందరు తల్లులు అడుగుదురు. తప్పక వలయును. నొప్పితో ఉన్న కోడలిచేత బిందెలు మోయింపకుడు, రోలు త్రిప్పింపకుడు. బాలింతకు వేడినీళ్లు, పథ్యము, నిద్ర అమర్చుడు. పసిబిడ్డను చేతులు కడుగుకొని ఎత్తుకొనుడు. ఇవన్నియు ప్రేమచేతను వైద్యముచేతను చేయదగినవి. అంటు పేరు చెప్పినగాని విశ్రాంతి ఇయ్యని యిల్లు ఇల్లుకాదు. అంటు పేరు ఎంతదూరము పోగలదో నేపాళ దేశపు పశ్చిమ భాగము చూపినది. అచ్చట ఛౌపదీ యను ఆచారమున స్త్రీలను ఆ దినములలో ఊరివెలుపలి గుడిసెలకు పంపగా, చలికిని పొగకును పాముకాటునకును పలువురు ప్రాణములు కోల్పోయిరి. 2017లో ఆ దేశము దానిని నేరముగ శాసించినది. వసారాలోని చాప ఆ గుడిసెయంత క్రూరమైనది కాకపోవచ్చును. త్రోవ మాత్రము ఒక్కటే.

మఠాధిపతులును జంగమమూర్తులును ఈ విషయమున మౌనము వహించుట ఇక చాలును. ఆడపిల్లకు దీక్ష ఇచ్చునాడే "ఏ దినమునను దీనిని విప్పకుము తల్లీ" అని తల్లియు అత్తయు వినునట్లు చెప్పవలెను. ఏ దినమునను అనగా ఏ దినమో గురువు నోటనే విడమరచి చెప్పవలెను, సిగ్గుపడినచో లాభములేదు. పురుడున్న యింటికి భిక్షకు పోము అను జంగమయ్య ఎవరైన ఉన్నచో, శిశువునకు లింగధారణ ఎవరు చేయవలెనో ఆయనయే చెప్పవలసియుండును. పుట్టిన బిడ్డకు ఆలస్యము చేయక లింగము కట్టవలెనని గదా ఆచారము! గురువు ఆ గదిలోనికి పోవలసినదే. బాలింత ఒడిలోని బిడ్డను తాకవలసినదే. ఆ తల్లిచేతనే పాదోదకము బిడ్డ నాలుకపై వేయింపవలసినదే. అప్పుడు తల్లి మెడ వంక ఒకమాఱు చూచి, అది బోసిగా ఉన్నచో, పూజగదిలోని చిలుకకొయ్యనుండి ఆమె లింగకాయను తెప్పించి ముందు ఆమెకు ధరింపజేసి, పిమ్మట బిడ్డకు కట్టవలెను.